ఉంగరపు వేలు

“మీ జత ఎవరొచ్చినారు?” అని నర్సు శాంతమ్మ వెంకటరాయప్పను అడిగింది. అంతవరకు ఆమె అడిగినవన్నీ చెప్పగలిగినవే. పేరు, వయసు, వేలికి దెబ్బ ఎలా తగిలింది, చీము ఎన్నాళ్ళనుంచి పడుతోంది, జ్వరం ఎప్పుడు పట్టుకుంది. కుడిచేతి ఉంగరపు వేలు తీసెయ్యక తప్పదని నిన్న సాయంత్రమే డాక్టరు తేల్చి చెప్పాడు. ఎర్రటి గీత అప్పటికే మణికట్టు మీదికి పాకింది. ఇంకా ఆలస్యం చేస్తే వేలితో పోదని, చెయ్యే పోతుందని అన్నాడు. దానికీ వెంకటరాయప్ప తలూపాడు. ఈ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోయాడు.

“ఎవురూ లేరమ్మా. ఒక్కణ్ణే వచ్చినా.”

“అట్ల కుదరదప్పా. కోసినాక కండ్లు తిరిగి పడితే పట్టుకునేదానికి ఒక మనిషి ఉండొద్దా? నీళ్ళు తాపేదానికన్నా ఉండొద్దా? సొంత మనిషి లేకుంటే డాక్టరు కత్తి ముట్టడు. మీవాళ్ళు ఎవురన్నా ఉంటే చెప్పండి, కబురు పంపిస్తా. మా అంజినప్ప పొద్దుటి కూటికని కాటన్‌పేటకే పోతా ఉండాడు.”

అంజినప్ప ఆసుపత్రి బంట్రోతు. అప్పటికే సైకిలు తీసి, పంచె ఎగగట్టి, ఒక కాలు పెడలు మీద పెట్టి నిలబడ్డాడు. ఇద్దరూ తన ముఖంలోకే చూస్తున్నారు.

“ఆవులప్ప” అన్నాడు వెంకటరాయప్ప. అన్నాక తనే ఉలిక్కిపడ్డాడు. ఆ పేరు అతని నోట వచ్చి మూడేళ్ళయింది. “అక్కిపేట మలుపులో సైకిలు షాపు. వెంకటరాయప్ప ఆసుపత్రిలో ఉండాడు, ఒక మనిషి కావాలంట అని చెప్పు. అంతే చెప్పు.”

“వస్తాడా ఆయప్ప?” అని శాంతమ్మ అడిగింది. “డాక్టరు ఇంకొక గంటలో వచ్చేస్తాడు. ఈ పొద్దు కాకుంటే మళ్ళీ ఎల్లుండే.”

అంజినప్ప సైకిలు గేటు దాటి, రోడ్డు మీద జట్కాల నడుమ కలిసిపోయింది.

వరండాలో బెంచీ చల్లగా ఉంది. ధనుర్మాసపు మంచు ఇంకా చెట్లమీదనుంచి పూర్తిగా లేవలేదు, ఫినాయిలు వాసన ఆ చలిలోనే గడ్డకట్టుకున్నట్టు ముక్కు దగ్గరే నిలబడి ఉంది. చేతిని కిందికి వేలాడేస్తే రక్తమంతా ఆ వేలిలోకే దిగి కొట్టుకుంటోంది, అందుకని ఛాతీకి ఆనించి, ఎడమచేత్తో పట్టుకుని కూర్చున్నాడు, పసిబిడ్డను పట్టుకున్నట్టు. గుండె చప్పుడు ఛాతీలో వినపడటం లేదు గానీ వేలిలో వినపడుతోంది. ఎదురుగా ఉన్న గోడ రంగు ఈ జ్వరంలో ఒకసారి ఆకుపచ్చగా, ఒకసారి నీలంగా కనిపిస్తోంది. నీలమే అయ్యుంటుంది. నీలిమందు తొట్టిలో మొదటి ముంపు ముంచి తీస్తే నూలు ఇలాగే ఆకుపచ్చగా వస్తుంది, గాలి తగిలాకే నీలం తిరుగుతుంది. నాయన పెద్దమునియప్ప ఆ రంగు తిరగడం చూపించడానికే మొదటిసారి తొట్టి దగ్గర నిలబెట్టాడు. అప్పుడు తన తల తొట్టి అంచు కంటే కొంచెం పైకి ఉండేది. తడిసిన చిలప, అంటే నూలు చుట్ట, బరువు, దాన్ని కొయ్యకు తగిలించి, రెండో కొసను కర్రతో మెలితిప్పి పిండాలి. నాయన కర్రతో పిండేవాడు, తనకు కర్ర ఇచ్చేవాడు కాదు. చేత్తోనే తిప్పు, వేళ్ళు గట్టిపడతాయి అనేవాడు. వేళ్ళు గట్టిపడ్డాయి. నీలం గోళ్ళకిందకు పోయి మళ్ళీ రాలేదు. ఆ నీలం గోళ్ళతోనే మొట్టమొదట క్రికెట్ క్లబ్బు మైదానంలో తెల్లబట్టలవాళ్ళ మధ్య నిలబడితే, అంపైరు బంతి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు, రంగు అంటిందేమోనని.

చూపుడు వేలూ నడిమి వేలూ బంతిని పట్టుకోవడానికే. తిప్పేది ఉంగరపు వేలు. ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చిలప పిండేటప్పుడు ఆఖరి మెలిక ఏ వేలితో పడుతుందో బంతికి కూడా ఆ వేలే అని చేతికే తెలిసింది. బంతి కుట్టు ఆ వేలి పక్కన రాసుకుని రాసుకుని, ప్రతి సీజనుకూ ఒకసారి చర్మం చీలేది. మానేది. మళ్ళీ చీలేది. ఈసారి మానలేదు. చీలిన వేలితోనే కాస్టిక్ నీళ్ళలో నూలు పిండాడు, ఆదివారం మళ్ళీ బంతి పట్టుకున్నాడు, సోమవారం మళ్ళీ తొట్టి. కట్టు కట్టేవాళ్ళు ఉంటే, ఇంక చాలు, రెండు దినాలు నీళ్ళలో పెట్టొద్దు అనేవాళ్ళు ఉంటే, ఏమో. మిలిటరీ ఆసుపత్రిలో కొత్త మందు ఉందట, సూదితో ఎక్కిస్తే చీము ఉన్నచోటే ఆగిపోతుందట. తెప్పిస్తాం, మాట్లాడతాం అన్నారు క్లబ్బులో. అన్నవాళ్ళు పెద్దవాళ్ళే, మనసులో లేకుండా అన్నారని కాదు, మరిచిపోయి ఉంటారు. యుద్ధం అయిపోయింది, టెంట్లు పీకేస్తున్నారు, అందరికీ ఏవేవో పనులు.

బెంచీ ఆ కొసన ఒక ముసలమ్మ ఎప్పుడొచ్చి కూర్చుందో చూడలేదు. ఒళ్ళో మూట, మూటలోంచి కంచు చెంబు మూతి. లోపల మొగుడికి వరిబీజం కోస్తారని, తనపేరు చౌడమ్మ అని, బొమ్మనహళ్ళినుంచి తెల్లారకముందే ఎద్దులబండి కట్టించుకుని వచ్చామని, అడగకుండానే చెప్పింది. చెప్పి అతని చేతికేసి చూసింది.

“పెండ్లాం రాలేదా నాయనా?”

“లేదమ్మా. పోయింది.”

“పుట్టింటికా?”

“ఆ” అన్నాడు.

“ఏం జగడమో ఏమో. పోయి పిలుచుకొని రావాల. మొగోళ్ళకి చెయ్యి నొప్పి వచ్చినంక గానీ గుర్తుకు రాదు.”

కోపం రాలేదు. ఆ మాట కాసేపు అలాగే ఉండనివ్వాలనిపించింది. పుట్టింట్లో ఉంది సుబ్బలక్ష్మమ్మ. మాలూరులో, పెరట్లో, జుట్టు ఆరబెట్టుకుంటూ. పోయి పిలుచుకుని రావాలి. పొద్దుటి బండికి పోతే మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. ఆమె ఒకసారి అడిగింది, బంతిని తిప్పితే ఏమవుతుంది అని. పెళ్ళయిన కొత్త. ఆడవాళ్ళు మైదానానికి వచ్చే ఇల్లు కాదు తమది, అందుకని ఇంట్లోనే చూపించాడు. నూలు రాశులు పక్కకు జరిపి, వంటింటి గడపనుంచి నడవలోకి వేశాడు. బంతి నేల తాకి, ఎవరో పిలిచినట్టు పక్కకు తిరిగి, రోలు కిందికి దూరింది. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. “ఇంతేనా? దీనికేనా దొరలు లేచి నిలబడి చప్పట్లు కొట్టేది?” తరువాత చాలాసేపు రోలు కింద చెయ్యి పెట్టి వెతికి, బంతి తీసి, కొంగుతో తుడిచి ఇచ్చింది. ప్రతి ఆదివారం సాయంత్రం ఆ వేలిని ఒళ్ళో పెట్టుకుని నువ్వులనూనెలో తడిపిన గుడ్డపేలిక చుట్టేది. పెళ్ళిలో మామగారు పెట్టిన ఉంగరం కుట్టుకు అడ్డం వస్తోందని తీసేస్తే, దానికి దారం చుట్టి తన నడిమి వేలికి పెట్టుకుంది. “నీ ఆట అయ్యేదాకా నా దగ్గర ఉండనీ” అంది. ఆట ఎప్పుడవుతుందని అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాడు?

గేటు దగ్గర సైకిలు గంట. తల తిప్పాడు. పాలవాడు. ఆ గంట కూడా ఆవులప్ప షాపులో బిగించిందే అయ్యుంటుంది, ఈ చుట్టుపక్కల సైకిళ్ళు సగం వాడి చేతి కిందే పోతాయి. వాడు రాడు. ఎందుకు వస్తాడు? మూడేళ్ళు తను ఆ మలుపు తప్పించుకుని పక్క సందులోంచి నడిచాడు. ఒకసారి జాతరలో ఎదురుపడితే, వాడు చెయ్యి ఎత్తబోయి ఆపుకున్నాడు, తను చూడనట్టు రంగుల రాట్నంకేసి చూశాడు. పదేళ్ళు తన బంతికి వికెట్ల వెనక నిలబడిన కీపరు. మొదట్లో చేతికి తొడుగులు కూడా లేవు, ఇటుకలు పేర్చి వికెట్లనుకునేవాళ్ళు, పెంకుల బట్టీ వెనక ఖాళీస్థలంలో. ఏ బంతి ఎటు తిరుగుతుందో కొట్టేవాడికి తెలియదు, కెప్టెన్‌కు తెలియదు, చూసేవాళ్ళకు అసలే తెలియదు. ఆవులప్పకు తెలిసేది. చెయ్యి పైకి లేచినప్పుడు నీ మోచెయ్యి చెప్తుందిరా అనేవాడు. మోచెయ్యి ఏం చెప్పేదో తనకూ తెలియదు.

ఇంకెవరున్నారు మరి. ఎన్ని వందలమందిని ఔట్ చేశాడో, వాళ్ళ మొహాలు ఒక్కొక్కటీ గుర్తున్నాయి. మోకాలి మీద కూలబడి వెనక్కి తిరిగి చూసే మొహాలు. చేతులు కలిపి పోయినవాళ్ళు, తిట్టుకుంటూ పోయినవాళ్ళు, బర్మాకు పోయి తిరిగి రాని ఎర్రమొహాల సోల్జర్లు. భుజాలమీద ఎత్తుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఎత్తుకునేటప్పుడు చేతులు ఎవరివో కనపడవు, తలకాయలే కనపడతాయి. అన్న ఆదినారాయణప్ప రెండేళ్ళ కిందట కోయంబత్తూరు మిల్లుకు పోయి అక్కడే స్థిరపడ్డాడు. నాయన లేడు. లాయరు కెప్టెన్ మైసూరులో పెద్ద ప్రాక్టీసు. పిలిస్తే కారులో వస్తాడేమో, వచ్చి డాక్టరుతో ఇంగ్లీషులో మాట్లాడతాడు, బెంచీమీద కూర్చోడు. పేరు చెప్పమంటే నోరు ఎందుకు ఆ ఒక్క పేరే చెప్పింది? తనను అడగకుండానే చెప్పింది.

ఆ రోజు. రాకూడదనుకుంటే ముందు అదే వస్తుంది. మద్రాసులో మూడు రోజుల ఆట, ఆఖరి రోజు. బయలుదేరేటప్పుడు సుబ్బలక్ష్మమ్మకు ఒళ్ళు వెచ్చగా ఉంది. “రెండు దినాల జరం, దీనికి నువ్వు ఆగేదేమి? పోయిరా” అంది. ఒక్క సీజనులో అందరికంటే ఎక్కువ వికెట్లు తీసినవాడు దక్షిణాదిలో ఒక కాఫీతోటల దొర, వాడి లెక్క పదిహేనేళ్ళుగా అలాగే ఉంది. దాన్ని దాటడానికి తనకు కావలసినవి కొన్నే. పొద్దున్నే బంతి చేతికి వచ్చిన క్షణంలోనే తెలిసిపోయింది ఈ రోజు ఎలా ఉండబోతుందో. సముద్రపు గాలి చెమ్మ, పిచ్ మీద మూడు రోజుల గీతలు, వేలికి కుట్టు సరిగ్గా పట్టుకుంది. రెండో ఓవరులో ఒకటి, తరువాత వరసగా రెండు. మరి మనవాళ్ళు ఎందుకు అరవటం లేదు? క్యాచ్ పట్టినవాడు బంతిని మెల్లగా విసిరేసి నేలచూపులు చూస్తున్నాడు. ఎవరూ వీపు తట్టటం లేదు. ఓర్వలేకపోతున్నారు, అనుకున్నాడు. రంగులవాడు రికార్డు కొడుతుంటే ఓర్వలేకపోతున్నారు. అనుకుని ఇంకా ఎక్కువ తిప్పాడు. ఓవరు అయినప్పుడల్లా ఆవులప్ప దగ్గరికి వచ్చేవాడు, నోరు తెరిచేవాడు, బంతిని పంట్లాముకు రుద్ది చేతిలో పెట్టి వెళ్ళిపోయేవాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర తనే వాణ్ణి అడిగాడు. సాయంత్రం చైనాబజారుకు పోదాంరా, దానికి గాజులు కొనాల, ఏ రంగువి బాగుంటాయి నీలమా పచ్చా. ఆవులప్ప విస్తరి ముందునుంచి లేచి వెళ్ళిపోయాడు. కడుపులో బాగలేదేమో అనుకున్నాడు. వాడి విస్తరిలో పెరుగన్నం అలాగే ఉంది.

రికార్డు దాటిన వికెట్ స్టంపింగు. కొట్టేవాడు ముందుకు వచ్చాడు, బంతి వాడి బ్యాటు కిందకు దిగి బయటికి తిరిగింది, ఆవులప్ప చేతుల్లోకి పోయింది, వాడు బెయిల్సు తీశాడు. తీసి అలాగే నిలబడ్డాడు. అడగలేదు. ప్రతి చిన్నదానికీ ఔటా అని గొంతు చించుకునేవాడు, ఆ ఒక్కదానికి అడగలేదు, తొడుగుల్లో బంతి పట్టుకుని, తల వంచుకుని. మైదానమంతా ఒక్క తన గొంతే అరిచింది. అంపైరు వేలెత్తాడు. జనం తాడు దాటి పరిగెత్తుకొచ్చారు, దండలు, భుజాలు, పైన ఆకాశం ఊగటం. గుడారంలోకి దించాక కెప్టెన్ అందరినీ బయటికి పంపి, తెర దించి, ముందు కుర్చీలో కూర్చోమన్నాడు. పొద్దున్నే క్లబ్బు ఆఫీసుకు ట్రంకాల్ వచ్చిందట. రాత్రి మెయిలు దాకా బండి లేదట. అందుకని. విషజ్వరమట. మెడలో దండ తడిగా ఉంది, చేమంతులు, వాటి నీళ్ళు చొక్కా లోపలికి కారుతున్నాయి, అది ఎందుకో ఇప్పటికీ బాగా గుర్తు. బయటికి వచ్చి ఆవులప్పను అడిగాడు, నీకూ తెలుసా అని. వాడు తల దించుకున్నాడు. రాత్రంతా ఒకే రైలుపెట్టెలో, ఎదురెదురు బెంచీల్లో, ఒక్క మాట లేదు. తెల్లారి ఇంటికి చేరేసరికి అంతా అయిపోయింది, అన్న చితికి నిప్పు పెట్టి కూడా ఒక పూట గడిచింది. నడవ కడిగారు. రోలు కింద ఇంకా తడి ఉంది.

రికార్డు వెంకటరాయప్ప అని పిలవడం మొదలుపెట్టారు. కాటన్‌పేటలో దూది మూటలు దించేవాళ్ళు కూడా. క్లబ్బు హాలులో టేకు చెక్క మీద పేరు రాయించారు, పేరు పక్కన తేదీ, బంగారు అక్షరాలు. దానిమీద ఇంకొకరి పేరు ఎక్కడానికి ముప్పై ఏళ్ళు పడుతుంది, ఎక్కకపోయినా పోవచ్చు అన్నాడు రాసేవాడు, మెచ్చుకోలుగా. ప్రతి ఏడూ ఆ తేదీకి పిలిచి శాలువా కప్పాలని కమిటీ తీర్మానం. మొదటి ఏడు అతను రాలేదు. అలిగాడనుకున్నారు. ఆ తేదీకి అతను, తిథి లెక్క పక్కన పెట్టి, ఇంటి దగ్గర ఒక ఆకు వేసి, అన్నం వడ్డించి, కాకి కోసం పెరట్లో నిలబడి ఉన్నాడని వాళ్ళకు తట్టలేదు. ఒకే తేదీ. ఆ హాలులోకి ఎప్పుడు పోయినా గోడమీద ఆమె పోయిన రోజు బంగారంతో మెరుస్తూ ఉంటుంది, దానికింద కూర్చుని వాళ్ళు కాఫీ తాగుతుంటారు, కొత్తగా వచ్చినవాళ్ళకు చూపిస్తుంటారు. అందరూ కలిసి ఒక పగలంతా తనను మోసం చేశారు. పెళ్ళాం నట్టింట్లో పడుకోబెట్టి ఉంటే, తను గెంతుతూ, అరుస్తూ, నవ్వుతూ. ఆ నవ్వునే వాళ్ళు చూస్తూ ఉన్నారు. మిగతావాళ్ళు పరాయివాళ్ళు, సరే. ఆవులప్ప చూస్తూ ఉన్నాడు. ఆ మరుసటి ఏడు వాడు తొడుగులు విప్పి షాపులో కూర్చున్నాడు. కొత్త కీపరు బంతి ఎటు పోతుందో తెలియక రెండు చేతులూ బార్లా చాపి నిలబడేవాడు. వికెట్లు తగ్గాయి. రికార్డు వెంకటరాయప్ప చెయ్యి పోయింది అన్నారు. చెయ్యి పోలేదు. ఆదివారాలు పెరట్లో ఆరేసిన నూలు దండేల మధ్య ఒక్కడే గోడకు వేసుకునేవాడు, బంతి ఎప్పటిలాగే తిరిగేది. తిరిగి వచ్చి గోడకు తగిలి, తనంతట తానే దొర్లుకుంటూ కాళ్ళ దగ్గరికి వచ్చేది.

“వచ్చినాడా మీ మనిషి?” శాంతమ్మ తలుపులోంచి తల బయటికి పెట్టింది. “డాక్టరు వచ్చి చానా సేపయింది. ముసలాయప్పది అయిపోయింది, తరువాత మీదే.”

“వస్తాడు” అన్నాడు.

చౌడమ్మ మూట పట్టుకుని లేచింది, లోపలికి పోతూ పోతూ, “పిలుచుకొని రా నాయనా ఆయమ్మని” అని మళ్ళీ చెప్పింది. బెంచీ ఖాళీ అయింది. వస్తాడని ఎందుకన్నాడో తెలియదు. రాకపోతే మంచిదనిపించింది ఒక్క క్షణం. రాకపోతే ఎల్లుండి. ఎల్లుండికి చెయ్యి. చెయ్యి పోతే ఈ లెక్కలన్నీ పోతాయి. ఏ వేలో, ఏ మెలికో, ఎవరు అరిచారో, ఎవరు అరవలేదో. తల గోడకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

తెరిచేసరికి బెంచీ ఆ కొసన ఆవులప్ప కూర్చుని ఉన్నాడు. జుట్టు నెరిసింది. షాపులోంచి ఉన్నపాటున లేచి వచ్చినట్టున్నాడు, మోచేతులదాకా గ్రీజు. మధ్యలో ఇద్దరు కూర్చునేంత చోటు వదిలాడు. రొప్పుతున్నాడు గానీ అది కనపడకుండా నోరు మూసుకుని ఊపిరి తీస్తున్నాడు. వరండా చివర ఎవరో బకెట్టు ఈడ్చుకుంటూ పోయారు. ఆ చప్పుడు పోయేదాకా ఇద్దరూ దాన్నే విన్నారు.

“ఏ వేలు?” అన్నాడు ఆవులప్ప చివరికి.

వెంకటరాయప్ప చెయ్యి కొంచెం ఎత్తి చూపించాడు. ఆవులప్ప చూసి, ముఖం తిప్పుకుని, పంచె అంచుతో గ్రీజు తుడుచుకోసాగాడు.

“ఆ పొద్దు నీకు ఎప్పుడు తెలిసింది?” అని అడిగాడు వెంకటరాయప్ప. మూడేళ్ళు లోపల ఎన్ని రకాలుగా అడిగాడో, ఇంత మెల్లగా మాత్రం ఎప్పుడూ అడగలేదు.

“ఆట మొదలుకాకముందే.”

“యాల చెప్పలే?”

ఆవులప్ప గ్రీజు తుడుచుకుంటూనే చెప్పాడు. “చెప్పాలనే ప్రతి ఓవరుకీ నీ దగ్గరికి వచ్చినా. కెప్టెన్ చెప్పొద్దన్నాడని ఆగలే నేను. వచ్చినప్పుడల్లా నువ్వు నవ్వుతా ఉండావు. నీ పెండ్లిలో గూడా నువ్వు అట్ల నవ్వలే. రాత్రిదాకా బండి లేదు. చెప్పినా నువ్వు ఆ ఊర్లో ఏ గోడకి తల కొట్టుకోవాల? ఆయమ్మకి గాజులు ఏ రంగువి అని అడిగితివి. నాకు ఇంక అన్నం దిగలే.” ఆగాడు. తుడుచుకోవడానికి చేతులమీద ఇంక గ్రీజు లేదు, అయినా తుడుచుకుంటున్నాడు. “రాత్రిదాకన్నా ఆయమ్మ నీకు బతికి ఉండనీ అనుకుంటి. తప్పో ఒప్పో నాకు తెలీదప్పా. అంతే అనుకుంటి.”

వెంకటరాయప్పకు గోడ రంగు మళ్ళీ ఆకుపచ్చగా కనిపించింది. ఆ మధ్యాహ్నం, చైనాబజారు, గాజులు, నీలమా పచ్చా. మూడేళ్ళుగా ఆ పగటిని అతను ఒక దొంగతనంగా చూశాడు. తన దగ్గరనుంచి ఎవరో ఎత్తుకుపోయిన పగలు. ఆ పగలంతా ఆమె మాలూరునుంచి తెచ్చుకున్న చీరలో ఇంట్లోనే తిరుగుతూ ఉంది, జ్వరం తగ్గి ఉంది, సాయంత్రం గాజులు చూసి ఇంతేనా అంటుంది. ఊళ్ళో అందరికీ పోయినామె ఒక్క తనకు మాత్రం ఒక పగలు ఎక్కువ బతికింది. దాన్ని కాపలా కాస్తూ ఈ మనిషి ఎండలో వంగి కూర్చున్నాడు, బంతి వెనక బంతి పట్టుకుంటూ. ఇదంతా అతను అనుకోలేదు, ఇన్ని మాటలుగా అనుకోలేదు. బెంచీమీద కొంచెం ఆవులప్ప వైపు జరిగాడు.

శాంతమ్మ వచ్చింది. “మీరేనా? ఈయనకి మీరేమయితారు?”

ఆవులప్ప వెంకటరాయప్పకేసి చూశాడు. వెంకటరాయప్ప లేచి నిలబడుతూ, “నా మనిషేనమ్మా” అన్నాడు. “పదండి.”

లోపల దీపం తెల్లగా ఉంది. సూది వేశాక చెయ్యి మొద్దుబారింది. అటు తిరగమంటే తిరిగాడు. ఏదో గిన్నెలో ఏదో పడిన చప్పుడు, చాలా చిన్నది. అంత చిన్నదా అనిపించింది. బయట వరండాలో ఆవులప్ప అటూ ఇటూ నడుస్తున్న చెప్పుల చప్పుడు కుట్లు వేసేంతసేపూ వినపడుతూనే ఉంది.

సాయంత్రం వార్డులో దీపాలు పెట్టకముందు ఆవులప్ప ఇంటికి పోయి కేరియరు తెచ్చాడు. పెళ్ళాం కెంపమ్మ రాగి ముద్ద, ఆకుకూర సారు పంపించింది. కుడిచెయ్యి భుజందాకా కట్టులో ఉంది. ఎడమచేత్తో తింటానని వెంకటరాయప్ప ముద్ద తుంచబోతే అది సారులో పడి మంచమంతా చిందింది. ఆవులప్ప కేరియరు తనవైపు లాక్కున్నాడు. ముద్ద తుంచి, సారులో అద్ది, నోటి దగ్గరికి తెచ్చాడు. పక్క మంచాలవాళ్ళు చూస్తున్నారని వెంకటరాయప్పకు సిగ్గేసింది, తల దించుకున్నాడు. దించితే కళ్ళముందు ఆ చెయ్యి ఉంది. చిటికెన వేలు సగంనుంచి బయటికి వంగిపోయి ఉంది. నడిమి వేలి కణుపు రెండింతలు లావు. బొటనవేలు వంగటం లేదు, అందుకని ముద్దను దాంతో తొయ్యకుండా అరచేత్తో ఎత్తుతున్నాడు. ఎన్నేళ్ళుగానో ఆ చేతుల్లో బంతి పడటం చూశాడు, తొడుగులు చూశాడు, ఈ వేళ్ళను ఎప్పుడు చూశాడు?

“ఇది ఎప్పుడు విరిగింది?”

“కోలారు ఆటలో. నీ మోచెయ్యి గూడా నాకు చెప్పకుండా లోపలికి తిప్పినావే, అప్పుడు.”

“ఇది?”

“అదీ నీదే.”

“ఆ బొటనేలు?”

“అది సైకిలు చెయినులో పడింది. అన్నీ నీవే అనుకోవద్దు.” ఆవులప్ప ముద్దను ఇంకొంచెం దగ్గరికి తెచ్చాడు. “నోరు తెరువురా, సారు కారిపోతా ఉండాది.”

వెంకటరాయప్ప నోరు తెరిచాడు.